అలసటకు రుజువు

మూడు నెలల విశ్రాంతి వల్ల ఎలాంటి ఫలితాలు ఆశిస్తున్నారో చెప్పగలరా అని అడుగుతోంది ఆ పిల్ల, ఫలితాలట, నిద్రపోతే ఏం ఫలితం వస్తుంది, మెలకువ వస్తుంది, అనుకుంది డెల్ఫీన్, కాని ముఖం మీది నవ్వును చెదరనివ్వలేదు, ఇరవై రెండేళ్ళుగా ఇలాంటి గదుల్లో, ఇలాంటి నున్నటి బల్లల ముందు ఆ నవ్వు పెట్టుకునే కూర్చుంటోంది, కిటికీలోంచి మిసిసిపీ నది మట్టిరంగులో, పారుతోందో ఆగిందో తెలియనట్టుంది, బల్లకవతల ఇద్దరే, ఫౌండేషన్‌లో దరఖాస్తులు చూసే హాడ్లీ, ముప్ఫై దాటని తెల్లపిల్ల, మనిషి మంచిదే, చెప్పినదల్లా రాసుకుంటుంది, పక్కన బోర్డు సభ్యుడు విట్‌లాక్ గారు, పుదీనా బిళ్ళ చప్పరిస్తూ పేజీలు తిప్పుతున్నాడు, పదిహేడు పేజీలు, సేవాసంస్థలు నడిపే నల్లజాతి ఆడవాళ్ళకు విశ్రాంతి నిధి అని ఈ ఏడే కొత్తగా పెట్టారు, ఆ దరఖాస్తు పేజీలు నింపడానికి మూడు వారాలు పట్టింది, పొద్దున బయల్దేరుతుంటే షవాన్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది, ఆఫీసులో తన తర్వాత అంతటిది షవాన్, ఏం మిస్ డెల్ఫీన్, పడుకోవడానికి పర్మిషన్ అడుగుతూ మూడు వారాలు నిద్ర మానేశావు, ఇవ్వకపోతే ఆ కాగితాలే తలకింద పెట్టుకుని పడుకుందువుగాని, అంది, డెల్ఫీన్ నవ్వే ఓపిక లేక తాళంచెవుల కోసం సంచి అంతా వెతికింది, చివరికి చూస్తే చేతిలోనే ఉన్నాయి.

ఫలితాలంటే ఆమెకు తెలియనివి కావు, మెంఫిస్‌లో నల్లజాతి ఆడపిల్లలు కాన్పుకు వెళ్తే పక్కన తోడు కూర్చునే మనిషి ఉండాలని తను మొదలెట్టిన సంఘం, ఇప్పుడు పదకొండు మంది తోడు వెళ్తారు, డబ్బు కావలసినప్పుడల్లా ఆమె ఈ గదుల్లో జెనీవా కథ చెబుతుంది, పంతొమ్మిదేళ్ళ పిల్ల, కాన్పయ్యాక రక్తం ఆగలేదంటే ఎవరూ నమ్మలేదు, దుప్పటి ఎత్తి చూపించేదాకా, ఆ దుప్పటి దగ్గర కలాలు ఆగుతాయి, ఎవరో ఒకరు కళ్ళద్దాలు తీస్తారు, జెనీవా బతికింది, ఇప్పుడు నర్సు కోర్సు చదువుతోంది, కాని ఆ ముక్క ముందే చెబితే కళ్ళద్దాలు తీయరు, అందుకని చివర్లో చెబుతుంది, ఎన్నిసార్లు చెప్పిందో, ఎవరెంత ఇచ్చారో, ఇచ్చిన ప్రతిసారీ ఒక్క ఏడాదికే, జీతాలకు వాడకూడదు అని.

మీరు లేకపోతే సంస్థ నడుస్తుందా, ఇది విట్‌లాక్ గారు, నడుస్తుందంటే మీరెందుకు అంటారు, నడవదంటే మీకెలా ఇస్తాం అంటారు, ఏటి అవతల బొమ్మల ప్రదర్శనశాల నడిపే అతను జూలై అంతా ఫ్లోరిడా ఇసుకలో ఉంటాడు, అతన్ని ఈ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు, అతనికి అయిదేళ్ళకోసారి సొమ్ము వస్తుంది, దేనికైనా వాడుకోవచ్చు, షవాన్ చూసుకుంటుందండీ అంది డెల్ఫీన్, అంటుంటే జెనోబియా గుర్తొచ్చింది, దక్షిణపు వీధుల్లో ముసలివాళ్ళకు భోజనాలు పంపేది, మార్చిలో పోయింది, యాభై ఒకటి, వంటగదిలో పొయ్యి మీద బీన్స్ ఉడుకుతుండగా, చర్చిలో శవపేటిక పక్కన ఈ ఫౌండేషన్ పంపిన పూలచక్రం, ఒక మనిషి ఎత్తలేనంత, దాని మీద రిబ్బన్, అలుపెరగని మహిళ అని, జెనోబియా చెల్లెలు ఆ రిబ్బన్ చదివి, అలుపెరగలేదని వీళ్ళకెవరు చెప్పారమ్మా, కాళ్ళు పట్టమని రోజూ నన్నే కదా అడిగేది, అంది, ఏడుస్తూనే నవ్వింది, డెల్ఫీన్ మాత్రం ఏడవలేదు, మధ్యాహ్నం ఒక మీటింగు ఉండింది.

ఇబ్బంది పెడుతున్నానేమో, జనవరిలో జరిగింది మీ నోటితో ఒకసారి చెబితే కమిటీకి బాగా అర్థమవుతుంది, అని హాడ్లీ గొంతు తగ్గించింది, జనవరిలో డెల్ఫీన్ జెరాక్స్ మెషీన్ పక్కన పడిపోయింది, లేచేసరికి ఎడమచెయ్యి తనది కానట్టుంది, రక్తపోటు చూసిన నర్సు మళ్ళీ చూసింది, మూడోసారీ చూసింది, ఇదెలా చెప్పాలో డెల్ఫీన్‌కు వెన్నతో పెట్టిన విద్య, ఎక్కడ ఆగాలో, చెయ్యి దగ్గర ఎంతసేపు ఆగాలో, నోరు తెరిచింది కూడా, తెరిచి హాడ్లీ కలం వంక చూసింది, ఎక్కడ ఆగుతుందా అని, అలా చూస్తున్నానని తనకే తెలిసింది, నోరు మూసుకుంది.

చెప్పనమ్మా, నాలుగో పేజీలో ఉంది, డాక్టరు కాగితం కూడా కుట్టాను, అంది, గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేదేమో, కోపానికీ ఓపిక కావాలి, విట్‌లాక్ గారు బిళ్ళ చప్పరించడం ఆపి, మరి మేమెలా నిర్ణయించాలి మేడమ్ అన్నాడు, అది మీ ఇష్టమండీ, ఆగస్టు ఒకటి నుంచి నేను పనికి రావడం లేదు, మీరిస్తే మూడు నెలలు, ఇవ్వకపోతే ఒక నెల, అంది, ఆయన కాగితాలు వెనక్కి తిప్పాడు, అది దరఖాస్తులో లేదే, అన్నాడు, లేదండీ, ఇప్పుడే అనుకున్నాను, హాడ్లీ ఏదో రాయబోయి మానేసింది, లేచి తలుపు తీసి పట్టుకుంది, గుడ్ లక్ మిస్ డెల్ఫీన్ అంది, అంతకుముందు ఆమెను ఇంటిపేరుతో డాక్టర్ మోస్లీ అని పిలిచేది.

కారు ఎండలో కాగుతోంది, కూర్చోగానే ఫోను, షవాన్, ఏమన్నారు, ఇస్తారా, ఏమో, ఇవ్వరేమో, ఏడ్చావా, లేదు, జెనీవా కథ చెప్పావా, లేదు, నా కథా చెప్పలేదు, అయితే నీకు నిజంగానే ఒంట్లో బాలేదు, ఇంటికెళ్ళి పడుకో, ఆగస్టు దాకా ఎందుకు, ఇవాళ్టి నుంచే, ఇక్కడ మేం చచ్చిపోం, అంది షవాన్, డెల్ఫీన్ సరే అంది, తను సరే అన్నందుకు తనకే వింతగా ఉంది, ఏసీ చల్లబడేదాకా స్టీరింగ్ మీద చేతులు పెట్టి కూర్చుంది, ఇన్నేళ్ళూ ఎవరైనా చూసి, కొలిచి, నిజమే నువ్వు అలసిపోయావు అంటే అప్పుడు కూర్చుందామనుకుంది, బతికినన్నాళ్ళూ పనిచేసిన అమ్మ అలాగే అనుకుంది, జెనోబియా అలాగే అనుకుంది, ఆ పై అంతస్తులో హాడ్లీ, విట్‌లాక్ గారు ఇప్పుడు ఏం మాట్లాడుకుంటున్నారో, నమ్మారో లేదో, నమ్మినా నమ్మకపోయినా ఈ వీపూ ఈ మెడా ఇలాగే ఉంటాయి, వాటికి సాక్షులు అక్కర్లేదు, అలసిపోయింది, అంతే.