ప్రసూనకు రుచి ఎక్కించడం

మా ప్రసూన ఈ ఉదయం సీసాలో ఇంటికొస్తుంది. మా అమ్మాయి పనిచేసే వోడ్కా ఫ్యాక్టరీ వ్యానే తెచ్చి దింపుతుంది. సీసా నా నడుమెత్తు ఉంది. లోపల అమ్మాయి నీళ్ళలా తేటగా ఉంది. నేను ముందు మూత బిగువుగా ఉందో లేదో చూస్తాను, తర్వాత పొయ్యి ఆర్పేస్తాను. స్పిరిటుకు నిప్పు ఎంత దూరంలో ఉన్నా నాకు పక్కనే ఉన్నట్టుంటుంది.

ఫ్యాక్టరీలో రుచుల గది చూసే గవర్రాజు గారు సీసా వెనకాలే దిగుతారు.

"కంగారేం లేదు అక్కయ్యగారూ. నూకలు ఉడకబెడతాం, పులియబెడతాం, ఆవిరి పట్టి చల్లారుస్తాం. ఆ ఆవిరితోపాటు మీ అమ్మాయీ పైకెళ్ళింది. వడకట్టే బొగ్గుల్లోంచి దిగొచ్చింది. రంగు లేదు, వాసన లేదు. ఇంత శుభ్రంగా మా దగ్గర ఎవరూ దిగలేదండి, ఆయ్."

"మరి మా పిల్ల ఏదండీ?"

"ఇదేనండి. పిల్ల మిగిలింది. మిగతావన్నీ బొగ్గులకి అంటుకుపోయాయి."

"ఏమైనా తిన్నదా?"

"తిండి తర్వాతండి, ముందు రుచి ఎక్కించండి. ఇప్పుడు ఏది వేస్తే దాన్నే పట్టుకుంటుంది. తనకి ఇష్టమైంది నానెయ్యండి. మాట రాగానే తీసెయ్యండి. అలాగే ఉంచేశారా, చేదెక్కిపోద్ది. అప్పుడిక మీ అమ్మాయి మీ అమ్మాయిలా ఉండదు."

ఆయన వెళ్ళాక నిమ్మకాయ తొక్క పల్చగా, తెల్ల పొర రాకుండా చెక్కి సీసాలో వేస్తాను. ప్రసూనకు నిమ్మంటే ప్రాణం, మజ్జిగలో నిమ్మాకు వేసినా వాసన తెలిసిపోయేది. అంచుల్లో లేత పసుపు కమ్ముతుంది. మూతి దగ్గర ముక్కు పెడతాను. ఎండలో ఆరబెట్టుకున్న జుట్టు వాసన. అది ఉద్యోగానికెళ్ళి హాస్టల్లో చేరినప్పటి నుంచీ ఈ వాసన కోసం దాని దిండు గలీబు ఉతకకుండా దాచుకున్నాను.

"అమ్మా," అంటుంది సీసా. "వచ్చేశాను. తొక్కలు తీసెయ్యి."

తీస్తే మళ్ళీ వెళ్ళిపోతే? తీయను. గొంతు సన్నగా ఉంది, జలుబేమోనని లవంగాలు వేస్తాను. అరుగుదలకు వాము వేస్తాను. దారి పొడవునా ఎందరు చూశారోనని ఎండుమిరపకాయలు, ఉప్పు గుప్పిట పట్టి సీసా చుట్టూ దిష్టి తిప్పుతాను. వాటిని కాల్చడానికి ఇంట్లో నిప్పు లేదు. అవీ సీసాలోనే వేస్తాను.

సీసా గోధుమరంగుకు తిరుగుతుంది. దగ్గుతుంది. అది నా దగ్గు.

"గొళ్ళెం పెట్టావా?" అంటుంది నా గొంతుతో. "గ్యాస్ కట్టేశావా? ఎండలో తిరక్కు. ఫోనెందుకు ఎత్తవు?"

"ప్రసూనా!"

అడుగు నుంచి సన్నగా వినిపిస్తుంది. "నేనెక్కడున్నానో నాకే దొరకడం లేదమ్మా. ఇందులో అంతా నువ్వే."

గాజులు పైకి నెట్టి సీసాలో చెయ్యి పెడతాను. మిరపకాయలు తీస్తాను, లవంగాలు తీస్తాను. తొక్కలు చివర్న తీస్తాను, ఒక్కొక్కటే. ఇంకా ఏదో తగులుతుంది. ఒక చెయ్యి నా చేతిని పట్టుకుంటుంది. ఆ చేతికీ నా గాజులే. లాగుతాను. సన్నటి మూతిలోంచి నా చీర కట్టుకున్న ఆడమనిషి బయటికొస్తుంది. నా ముఖమే, నాని నాని ఉబ్బింది. తువ్వాలుతో ఆమె తల తుడుస్తాను.

"పిల్ల తిన్నదా?" అని అడుగుతుంది.

"తింటుందిలే," అంటాను. నా నోట ఆ మాట రావడం ఇద్దరం వింటాం.

సీసా తేటపడుతుంది. లోపల దూరంగా ప్రసూన నడిచి వెళుతోంది. దాని ఒంటి మీద ఒక రంగు ఉంది, నేను వేసింది కాదు. ఒక వాసన పైకి వస్తోంది, దేనిదో పోల్చుకోలేను. పిలుస్తాను. వెనక్కి తిరిగి నవ్వుతుంది, చెయ్యి ఊపుతుంది, ఆగదు. అది నడిచేకొద్దీ లోపల రోడ్డు పెరుగుతుంది. రోడ్డు మీద వాన మొదలవుతుంది, కింద నుంచి పైకి.

మేమిద్దరం సీసా మూతికి అటూ ఇటూ కూర్చుని ఒకే గొడుగును పట్టుకుంటాం. ప్రసూనకు అందాలంటే గొడుగు లోపలికి దూరేంత సన్నబడాలి. సన్నబడుతోంది. వాన ఇప్పటికి ప్రసూన మోకాళ్ళ దాకా లేచింది.