రెండే ప్రయాణాలు

మటోకే అరటికాయల తొక్క తీస్తే చేతులకి అంటిన జిగురు ఒక పట్టాన వదలదు. ప్రోస్కోవియా ఆ చేతులతోనే, పెరట్లో విడిగా ఉన్న వంటింట్లోంచి గేటు దగ్గరికొచ్చింది. బయట మెడలో కార్డు వేసుకున్న మనిషి ఉన్నాడు. ఆమె పనిచేసే నగర ప్రణాళిక ఆఫీసు సర్వేకి పంపిన మనిషే. నడుముకి పాత గుడ్డ చుట్టుకున్న ఈవిడ ఆ ఆఫీసులో ఇంజనీరని అతనికి తెలియదు. ఆమె ఇక్కడి ఆడవాళ్ళ ఆచారం ప్రకారం మోకాళ్ళ మీద కూర్చుని పలకరించి, మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అతను నీళ్ళు తాగి ఆమె భర్త లుబేగా వైపు తిరిగాడు. ఇంటి యజమాని ఎదురుగా ఉండగా ఆడమనిషిని ప్రశ్నలడగడం ఇక్కడ మర్యాద కాదు.

"మీ ఇంట్లోవాళ్ళు రోజుకి ఎన్ని ప్రయాణాలు చేస్తారు సార్?"

"రెండే. కారులో పొద్దున పనికెళ్తాను, సాయంత్రం వస్తాను. మా ఆవిడ నాతోనే వస్తుంది, పోతుంది."

"పెద్దావిడ?"

"మా అమ్మ గడప దాటదు."

"ఆ కింద చిత్తడి నేలలోంచి ఎవరైనా నడుస్తుంటారా?"

"అక్కడెవరు నడుస్తారయ్యా, కొంగలు తప్ప."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని వెనక్కి వచ్చేసింది.

ఆ చిత్తడి కోసమే ఆమె రెండేళ్ళుగా పోరాడుతోంది. రెండు కొండల మధ్య పపైరస్ రెల్లు, గట్టున చెట్లు, వాటి కింద కాలిబాట. ఆ చిత్తడిని పూడ్చి కార్ల కోసం నాలుగు వరసల రోడ్డు వేయాలన్నది ఒక ప్రణాళిక. చిత్తడి జోలికి పోకుండా, ఉన్న రోడ్డు మీదే బస్సులకి ఒక వరస వదిలి, చెట్ల కింద బాటని బాగుచేయాలన్నది ఆమె ప్రణాళిక. మంగళవారం సమావేశంలో ఏదో ఒకటి తేలిపోతుంది. ఈ వారంతో ముగిసే సర్వేలో మాత్రం ఏ ఇంటి లెక్క చూసినా కారు, టాక్సీ, బోడా అనే అద్దె బైకు. నడిచేవాళ్ళు లేరు. "మనుషులే నడవని చోట బాటెందుకు ప్రోస్కో?" అన్నాడు పై అధికారి కగ్వా. "నీ బొమ్మలు బాగుంటాయి. మాట్లాడేది నేను చూసుకుంటాలే. నువ్వా టీ సంగతి చూడు." లుబేగాది ఇంకో పాట. "ఆఫీసులో ఊరికంతా రోడ్లు గీస్తావు, ఇంట్లో కూర మాడబెడతావు." ఇలాంటివి విని నవ్వేయడం ఆమెకి ఎంత అలవాటైపోయిందంటే, ఎదుటివాళ్ళు నోరు తెరవకముందే పెదవులు వాటంతటవే విచ్చుకుంటాయి. ఇందాక గేటు దగ్గరా అలాగే విచ్చుకున్నాయని ఇప్పుడు గుర్తొచ్చి ఆమెకి చిరాకేసింది.

వంటింట్లో అత్తగారు ఎరినా కుండలో అరటాకులు పరుస్తోంది.

"అత్తయ్యా, మొన్న శుక్రవారం మీరు ఎక్కడెక్కడికి వెళ్ళారు?"

"నేనా? ఇంట్లోనే పడున్నాగా."

"మరి మన కిరాబో పాపని బడికి ఎవరు దింపారు?"

"మీరిద్దరూ కారెక్కి పోతే పిల్లని ఎవరు దింపుతారు, కొంగలా?"

లుబేగా మాట ఇక్కడిదాకా వినిపించిందన్నమాట.

"ఆ తర్వాత?"

"పక్కింటి పిల్లకి నెలలు నిండాయిగా, ఆసుపత్రికి తోడెళ్ళా. వస్తూ వస్తూ ఈ ఆకులు కోసుకొచ్చా. మళ్ళీ బడికెళ్ళి పిల్లని తెచ్చా. అన్నీ ఆ చిత్తడి గట్టు మీంచే. రోడ్డు మీద నడిస్తే బోడాలు మీదికొచ్చి పడతాయి."

"మరి ఇంట్లోనే ఉన్నానన్నారే?"

"అవీ ప్రయాణాలేనా పిచ్చిదానా? ప్రయాణమంటే మగాడు చొక్కా మార్చుకుని వెళ్ళేది." ఎరినా ఆకు అంచు సర్దుతూ కోడలి వైపు చూసింది. "అయినా నువ్వక్కడే ఉన్నావుగా. మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళిచ్చి, నోరు మూసుకుని వచ్చేశావు. నేనైతే చదువుకోనిదాన్ని. నీకేమైంది?"

ప్రోస్కోవియా ఆ మనిషి వెళ్ళిన గేటు వైపు చూసింది. ఈ కొండ మీద ప్రతి గేటు దగ్గరా ఇదే జరిగి ఉంటుంది. ఒక ఆడది వచ్చి, కూర్చుని, నీళ్ళిచ్చి, లోపలికెళ్ళిపోయి ఉంటుంది. ఆమెతో పాటు ఆమె నడిచిన దారులన్నీ లోపలికెళ్ళిపోయి ఉంటాయి.

మంగళవారం కగ్వా నివేదిక చదవడం ముగించి, టీ తెప్పించమని ఆమెకి సైగ చేశాడు. ఆమె లేచింది, కానీ తలుపు వైపు వెళ్ళలేదు.

"ఈ సర్వే ఇంకా పూర్తి కాలేదు సార్," అంది సమావేశ అధ్యక్షుడితో.

"కూర్చో ప్రోస్కో," అన్నాడు కగ్వా నవ్వుతూ. ఆమె నవ్వలేదు.

"ఇంటాయన్నే అడిగాం. ఆ చిత్తడి గట్టున నడిచేది ఆడవాళ్ళు. వాళ్ళని ఎవరూ అడగలేదు. మా ఇంట్లోనూ అడగలేదు. మా అత్తగారు శుక్రవారం ఒక్కరోజే ఆ గట్టు మీద మూడుసార్లు వెళ్ళొచ్చారు. మా లెక్కలో ఆవిడ గడపే దాటలేదు."

గదిలో ఎవరో దగ్గారు. అధ్యక్షుడు వాస్వా, పెద్దాయన, పటం మీద చిత్తడిని చూపే పచ్చరంగు ముక్కని వేలితో నిమిరాడు. ఆయన ఎవరిని తలుచుకున్నాడో ఎవరికీ తెలియదు. సంతకం కోసం తీసిన కలానికి మూత పెట్టేశాడు.

"రోడ్డు సంగతి సర్వే పూర్తయ్యాక చూద్దాం. ఇంకా ఎన్ని ఇళ్ళు మిగిలాయమ్మా?"

"ఇళ్ళన్నీ అయిపోయాయి సార్," అంది ప్రోస్కోవియా. "వంటిళ్ళు మిగిలాయి."