తొమ్మిదింటి కుళాయి

కుళాయి దగ్గర వరసలో నిలబడడం ఆ పిల్ల పనేనని ఆ ఇంట్లో ఎవరూ తీర్మానించలేదు. అలా జరిగిపోయిందంతే. అమ్మ పోయింది, నాన్న యుద్ధానికి వెళ్ళాడు, పదమూడేళ్ళ పిల్ల ఒక సంచీతో పెదనాన్న ఇంటికొచ్చింది. మర్నాడే చేతికి నాలుగు క్యాన్లు వచ్చాయి.

నీళ్ళు తొమ్మిదింటికి వదులుతారు. మూతపడ్డ బడిని పోస్టాఫీసు కింద నేలమాళిగలో మళ్ళీ తెరిచారు, అదీ తొమ్మిదింటికే. ఆ మెట్లు దిగాలని పిల్లకి ఎంత ఉండేదో! పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకోడానికి తన ఈడుది ఒక్కతి దొరికినా చాలు. అడిగితే పెద్దమ్మ, "నువ్వు బడికి పోతే నీళ్ళెవరు తెస్తారే? అన్నయ్యకి నడుంనొప్పి కదా" అనేది. పెద్దమ్మ కొడుకు, పదహారేళ్ళ అన్నయ్య నడుం పొద్దస్తమానం పేకముక్కల మీద వంగే ఉండేది, పాపం.

ఆ రోజు వరసలో ముప్ఫై మంది ఉండగా సైరన్ మోగింది. క్యాన్లు వదిలేసి అందరూ పరుగో పరుగు. క్యాన్ ఉంటే చోటు ఉన్నట్టే, అది ఆ వీధి కట్టుబాటు. పిల్ల కూడా రెండడుగులు వేసింది. సరిగ్గా అప్పుడే, రోజూ నూలుపోగంత కారే కుళాయి భళ్ళున దూకింది. వదిలి వెళ్ళడానికి మనసొప్పలేదు. నెత్తిమీద విమానాలు తిరుగుతుంటే, చూసే నాథుడు లేకపోయినా వరస తప్పకుండా ముందున్నవాళ్ళ క్యాన్లన్నీ నింపుకుంటూ వచ్చింది పిచ్చిపిల్ల. తన రెండో క్యాన్ నిండేసరికి నీళ్ళు ఆగిపోయాయి.

ముప్పు తప్పిందన్న సైరన్ మోగగానే రోజూ వరసలో తన ముందు నిలబడే కుట్టుపని ఆవిడ పరిగెత్తుకొచ్చి వీపుమీద ఒక్కటిచ్చింది. వెంటనే వాటేసుకుంది. "నీళ్ళు పోతే రేపొస్తాయి, నువ్వు పోతే ఎక్కణ్ణించి తెస్తామే!" అని ఏడ్చింది. తన ప్రాణం కోసం ఒకరు తిట్టడం పెదనాన్న ఇంటికొచ్చిన ఈ ఏడాదిలో అదే మొదటిసారి. పిల్లకి దుఃఖం ఆగలేదు.

ఇంటికెళ్ళి జరిగింది చెప్పాక పెద్దమ్మ క్యాన్లు ఎత్తి చూసింది. "రెండేనా? ఎవరూ లేనప్పుడు మనవి ముందు పట్టుకోవాలని తెలీదా?"

పెదనాన్న పేపరు మడుస్తూ తాపీగా అన్నాడు. "పోనీలే, ఒక సంగతి తెలిసొచ్చింది. సైరన్ మోగితే అక్కడెవరూ ఉండరు. ఇకనుంచి నువ్వు కదలకు."

ఇన్నాళ్ళూ నీళ్ళు తేకపోతే వీళ్ళకి తనమీద ప్రేమ పోతుందేమోనని బెంగ. లేనిది ఎక్కడికి పోతుంది? అది తట్టగానే ఏడుపు రాలేదు సరికదా, గుండెల మీంచి బరువు దిగినట్టయి నవ్వొచ్చింది. ఖాళీ క్యాన్లు రెండూ తీసుకెళ్ళి అన్నయ్య పేకముక్కల పక్కన పెట్టింది.

"రేపట్నుంచి తొమ్మిదింటికి నేను బళ్ళో ఉంటాను."

పెద్దమ్మ అరిచింది. అరవనీ అనుకుని అన్నం తిని, హాయిగా కాళ్ళు చాపుకుని పడుకుంది.

మర్నాడు నేలమాళిగలో టీచరమ్మ పలకరించింది. "ఇంట్లో చెప్పే వచ్చావా, అమ్మా?"

"చెప్పే వచ్చానండీ," అంది పిల్ల. "అడిగి రాలేదు."