బోరు పైపు సిలువ

కుప్పుస్వామి పోయింది మంగళవారం, మదనపల్లె ఆసుపత్రిలో, డయాలసిస్ మంచం మీద. ఆ సమయానికి శాంతమ్మ కింద మందుల షాపు దగ్గర వరుసలో నిలబడి ఉంది. కూతురు కీర్తన మెట్లు దిగి వచ్చి, తల్లి చేతిలోని మందుల చీటీ తీసుకుని నాలుగు మడతలు పెట్టింది. ఇక దానితో పని లేదని శాంతమ్మకు అర్థమయింది.

పుంగనూరు చుట్టుపక్కల కుప్పుస్వామి చేత బోరు మోటారు బాగుచేయించుకోని రైతు లేడు. చేతి నిండా గ్రీజు, నోటి నిండా పాట. పోవడానికి ఆరు నెలల ముందే తన సమాధికి తనే సిలువ చేసుకున్నాడు. బోరులోంచి పీకిన పాత ఇనప పైపును కోసి, తన షెడ్డు పక్కనే ఉన్న ఖాసిం చేత వెల్డింగు పెట్టించి, ఎర్ర రంగు పూశాడు. ఎనిమిదడుగుల పొడవు.

"శాంతా, మూడడుగులు లోతు తవ్వాల. తగ్గిందంటే గాలికి వాలిపోతాది. నా పేరు రాయొద్దు, రాయీ వద్దు. ఇది నిలబడితే సాలు."

"సావు మాటలు యాల ఇప్పుడు?" అని ఆమె కసిరింది.

భూస్థాపన రోజున ఆ సిలువ పెట్టలేదు. వద్దన్నది శాంతమ్మే.

ఎందుకు వద్దన్నదో ఆమె పనిచేసే బడిలో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. ఆమె పుట్టిల్లు కుప్పం దగ్గర పల్లె. తాత కాలం నుంచీ ఆ ఇంట్లో ప్రార్థన ఉంది. కానీ కుల ధ్రువపత్రంలో మతం అన్నచోట 'హిందూ' అని ఉంది. ఎస్సీ కోటాలో వచ్చిన టీచరు ఉద్యోగం ఆ ఒక్క మాట మీద నిలబడింది. క్రైస్తవులమని రాస్తే ఆ కోటా వర్తించదు. అందుకే ఇరవై రెండేళ్లుగా ఆదివారాలు చర్చిలో చివరి వరుసలో కూర్చుని, అందరికంటే ముందే లేచి ఇంటికి వచ్చేది. పాటలప్పుడు పెదవులు కదిపేది కానీ గొంతు విప్పేది కాదు.

"ఆదివారం శాంతమ్మ, సోమవారం మేడమ్. నాకు ఇద్దరు పెండ్లాలప్పా!" అని కుప్పుస్వామి నలుగురిలో నవ్వేవాడు. ఇంట్లో ఒకసారి మాత్రం నవ్వకుండా అడిగాడు. "దినామూ పిల్లోళ్లకి అబద్ధం చెప్పొద్దని చెప్తాండావే, నీకు బరువుగా ల్యా?"

ఆమె పప్పు గిన్నె ఠంగుమని కింద పెట్టింది. "నువ్వు మోటార్లు బాగుచేస్తావు. మోటారు నీ మతం అడగదు."

ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

భూస్థాపన రోజు సమాధిలో మట్టి వేస్తున్నప్పుడు సమాధుల గోడ అవతల ఒక బైకు ఆగింది. దాని మీద ఇద్దరు కుర్రవాళ్లు. ఎవరి పిల్లలో ఎవరికీ తెలియదు. వెనక కూర్చున్నవాడు ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. పాట అయిపోయేదాకా ఉన్నారు. తర్వాత తొందరేమీ లేనట్టు, నెమ్మదిగా వెళ్లిపోయారు.

పన్నెండో రోజు శాంతమ్మ బడికి వెళ్లింది. పక్క తరగతి జగదీష్ సారు తన ఫ్లాస్కులోని టీ ఆమెకూ ఒక గ్లాసు పోశాడు. పదేళ్లుగా అది అలవాటే.

"ధైర్యంగా ఉండండి మేడమ్. ఒక్క మాట చెప్తా, తప్పుగా అనుకోవద్దండి. సార్ చేసి పెట్టినాడే ఆ సిలువ, దాన్ని ఇప్పుడే నిలబెట్టొద్దండి. మీమీద ఎవరో కంప్లయింటు పెట్టినారంట. నాలుగు ఫోటోలు గూడా ఇచ్చినారంట."

"ఎవరు సార్?"

"ఎవరైతే ఏమిలే మేడమ్. పిలిస్తారు, పోండి. అదంతా మా ఆయన పిచ్చి, నాకేం సంబంధం ల్యా అని రాసిచ్చేయండి." గ్లాసు ఊదుకుంటూ చిన్నగా నవ్వాడు. "పోయినాయన లేసొచ్చి కాదంటాడా?"

టీ చల్లారిపోయింది. ఆమె తాగలేదు.

మూడు రోజులకు నోటీసు వచ్చింది. శుక్రవారం ఉదయం కుల ధ్రువపత్రం మీద కుప్పంలో విచారణ, అసలు పత్రాలతో రావాలి. రెండే వాక్యాలు. ఫోటోల మాట అందులో ఎక్కడా లేదు.

కుప్పం ఆఫీసులో కీర్తనను వరండా బెంచీ మీద ఉండమని, శాంతమ్మ ఒక్కతే లోపలికి వెళ్లింది. అధికారి పెద్ద వయసువాడు, మర్యాదగా కూర్చోమన్నాడు. ఫైలు విప్పి ఫోటోలు ఒక్కొక్కటే బల్ల మీద పేర్చాడు. శవపేటిక. బైబిలు పట్టుకున్న పాస్టరుగారు. ఏడుస్తున్న కీర్తన. కొంగు తల మీద కప్పుకుని, ముఖం పైకెత్తి, నోరు తెరిచి ఉన్న తను.

నాలుగు. సరిగ్గా నాలుగే. జగదీష్ సారు టీ గ్లాసు ఆమె కళ్లముందు ఆగి, పోయింది. అయినా ఆమె చూపు నాలుగో ఫోటో మీది నుంచి కదలలేదు. ఆ రోజు తను ఏం చేసిందో ఆమెకు గుర్తు లేదు. ఇరవై రెండేళ్లు చివరి వరుసలో విప్పని గొంతు గుంత ఒడ్డున విప్పిందని ఈ కాగితం చూసేదాకా ఆమెకే తెలియదు.

"చూడండమ్మా," అన్నాడు అధికారి, ఫోటోను వేలితో ఆమె వైపు జరిపి. "ఇందులో నోరు తెరిచి ఉన్నారు. భర్త పోయిన మనిషి ఏడవడం సహజం. ఏడుస్తున్నారని రాసుకోమంటారా?"

ఆయన కలం కాగితం మీద ఆనించి ఎదురుచూస్తున్నాడు. చాలా సులభమైన ప్రశ్న. తల ఊపితే చాలు.

"పాడతాండా సార్," అంది శాంతమ్మ.

కలం కదలలేదు. "మీ భర్త కోసం వెళ్లేవారేమో, ఆ ప్రార్థనలకు."

"ల్యా సార్. ఆయన్ని మొదట పిల్చుకోని పోయింది నేనే. పెండ్లయిన కొత్తల్లో."

"దీని ఫలితం ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు సార్. నేనే రాసిస్తా, కాగితం ఇయ్యండి."

బోర్డు మీద ఒకటో తరగతికి రాసినట్టు గుండ్రంగా, తొందర లేకుండా రాసింది. సంతకం పెట్టి, కింద తేదీ వేసింది.

తిరుగు బస్సులో కీర్తన కిటికీ పక్కన కూర్చుంది. నర్సింగు చివరి సంవత్సరం చదువుతోంది.

"ఏం రాసినావమ్మా?"

"ఉండేదే రాసినా."

బస్సు వెంకటగిరికోట చేరింది. "నా కులం సర్టిఫికెట్టు గూడా పోతాది గదమ్మా," అంది కీర్తన.

"పోతాది."

ఆ పిల్ల ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. శాంతమ్మ ఓదార్చబోలేదు. ఓదార్చడానికి నిజమైన మాట ఒక్కటీ దొరకలేదు. పలమనేరు దాటిన తర్వాత కీర్తన కళ్లు తుడుచుకుని, "నాయన సిలువ ఎప్పుడు పెడ్తాము?" అని అడిగింది.

"ఆదివారం. ఖాసిం వస్తానన్యాడు."

ఇల్లు చేరేసరికి ఖాసిం గేటు బయటే నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అమ్మా, నేను రాలేనమ్మా. పొద్దున ఇద్దరు పిల్లోళ్లు షెడ్డుకొచ్చినారు. తిట్టల్యా, కొట్టల్యా. స్టూలేసుకోని గంటసేపు నా పని సూస్తా కూర్సున్యారు. పోతా పోతా, 'సిలువలు గూడా చేస్తావంటనే భాయ్, పని బాగుండాది' అని పోయినారు. కుప్పన్న నాకు సొంత అన్న లెక్క. నాకూ ఆడపిల్లలుండారమ్మా."

"నిన్ను ఏమీ అనుకోనప్పా. పో, చీకటి పడతాంది."

అతను వెళ్లాక చూస్తే గోడకు గడ్డపార ఆనించి ఉంది.

సంఘంలో ముగ్గురిని అడిగింది. ముగ్గురికీ ఆ ఆదివారం ఏదో ఒక పని పడింది. పాస్టరుగారు ప్రార్థన చేసి, కొన్నాళ్లు ఆగమన్నారు.

ఆదివారం పొద్దున్నే తల్లీ కూతురూ గడ్డపార, పార, బడి స్కేలు తీసుకుని సమాధుల దగ్గరికి వెళ్లారు. ముందు గుంత తవ్వి, తర్వాత ఆటోలో సిలువ తెచ్చుకోవాలని వాళ్ల ఆలోచన. పైన నాలుగు అంగుళాలు మెత్తటి మన్ను, ఆ కింద గరుసు నేల. గడ్డపార దిగినచోటల్లా రవ్వలు లేచాయి. ఒకరు పొడిస్తే ఒకరు మన్ను ఎత్తారు. కీర్తన చేతులు బొబ్బలెక్కాయి. శాంతమ్మ కొంగు చింపి ఆ చేతులకు చుట్టింది.

ఎనిమిది గంటలకు గోడ అవతల బైకు ఆగింది. అదే బైకు. ఈసారి ఫోను పైకెత్తలేదు. ఇంజను ఆపేసి, గోడ ఎక్కి, కాళ్లు ఇటువైపు వేలాడేసుకుని కూర్చున్నారు.

"అమ్మా," అంది కీర్తన, తల ఎత్తకుండానే.

"నువ్వు మన్నెత్తు."

ఒకడు ఈలవేశాడు. రెండోవాడు, "ఇంకా లోతుగా తవ్వు మేడమ్, సాలదు," అన్నాడు. తన బడి పిల్లవాడితో మాట్లాడినంత మామూలుగా శాంతమ్మ, "మూడడుగులు కావాలప్పా, నాకు తెలుసు," అంది. వాళ్లు నవ్వలేదు. వెళ్లనూ లేదు.

పదిన్నరకు ఎండ ముదిరింది. తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. బైకు అక్కడే ఉంది, గోడ మీద ఇద్దరూ అలాగే ఉన్నారు. శాంతమ్మ వంగి బడి స్కేలు గుంతలో నిలబెట్టి కొలిచింది. మళ్లీ ఒకసారి కొలిచింది.

కుప్పం నుంచి ఉత్తర్వు ఇంకా రాలేదు. సిలువ కుప్పుస్వామి షెడ్డులోనే ఉంది. గుంత ఇంకా అడుగున్నర తవ్వాలి.