వెనక గేటు తీసింది నేను కాదు

ఈ ముచ్చట నాకు మొదలు చెప్పింది భూమక్క. ఎల్లారెడ్డి సిస్టర్ల బడిల ఆమె ఆయా, హాస్టల్ వంట కూడా ఆమెదే. గా బడికి నేను ఇరవై రెండేండ్లు వాచ్‌మన్‌గ చేసిన. లిదియా సిస్టర్ పోయిన దినం మాత్రం నేను ఊర్ల లేను, నిజాంసాగర్ల మా బిడ్డ పురుటికి పోయిన. గందుకే భూమక్క చెప్పిన దాంట్ల ఒక్క మాట కలుపకుంట, ఒక్క మాట తియ్యకుంట చెప్తున్న.

లిదియా సిస్టర్ బడికి పెద్ద సిస్టర్. రోజూ పావు తక్కువ తొమ్మిదికి ముందు గేటు కాడ నిలబడేది. వచ్చిన ప్రతి పిల్ల రెండు చేతులు చాపాలె, ఆమె గోర్లు చూడాలె, అప్పుడే లోపలికి. వానొచ్చినా గంతే, జరమొచ్చినా గంతే. ఫిబ్రవరిల ఆ జరమే ముదిరి పానం పోయింది. కామారెడ్డిల సమాధి చేద్దామని అక్కడికెల్లి బండి వచ్చింది. ముందు గేటుకు అడ్డంగ కొత్త గదుల కోసం తెచ్చిన కంకర కుప్ప ఉండె, బండి పట్టకపోయె. వెనక గేటు తీసి, పెట్టెను అటునుంచే తీస్కపోయిండ్రు. సరిగ్గ పావు తక్కువ తొమ్మిదికి.

గా టైంల ఆమె ఎక్కడుంటది? ముందు గేటు కాడ. ఎవ్వలకూ యాదికి రాలే. మనిషి వెనకనుంచి పోయింది. నీడ ముందట నిలబడ్డది నిలబడ్డట్టే ఉండిపోయింది.

తెల్లారి పిల్లలొచ్చి నీడ ముందట చేతులు చాపి లోపలికి పోయిండ్రు. మొగులు పట్టిన దినం కూడా నీడ ఉండేది. ఎండకాలం సెలవుల్ల గోడకు సున్నమేసేటాయన, జర జరుగమ్మా అంటే పక్క గోడకు జరిగిందట. సున్నం ఆరినంక మళ్ల తన జాగకు వచ్చింది.

ఆమె జాగల కామారెడ్డినుంచి అనిల సిస్టర్‌ను పంపిండ్రు. చిన్న వయసు. పాపం ఆమెకే ఏం సమజ్ కాకపోయేది. గేటు కాడ తను నిలబడాల్నా, వద్దా? పిల్లలు గుడ్ మార్నింగ్ సిస్టర్ అంటే అది తనకా, నీడకా? మొదట్ల బదులిచ్చేది, తర్వాత ఊకుంది. ప్రార్థనల లిదియా సిస్టర్ ఆత్మకు శాంతి అని మొదలుపెట్టి, గేటు దిక్కు చూసి, ముందటి మాట మరిచిపోయేది.

జూన్‌ల బడి తెరిచిన వారానికి సాబేరా బిడ్డను తోలుకొని టీసీ కోసం వచ్చింది. ఆమె పెనిమిటి ఖయ్యూం సౌదీల పనికి పోయి జనవరిల చనిపోయిండు. పెట్టె వచ్చింది గానీ తెరవొద్దన్నరు. మొఖం చూడకుంటనే మట్టిచ్చిండ్రు. సాబేరా నాలుగు నెలల పది దినాలు గడప దాటకుంట ఇద్దత్ కూసున్నది. బిడ్డ ఖుష్నుమా కూడా బడి ఇడిసి తల్లి పక్కనే కూసున్నది. ఇద్దత్ అయిపోంగనే సాబేరా తమ్ముడు అజహర్ నస్రుల్లాబాద్ నుంచి ఆటో తెచ్చి, వాళ్ల కిరాయిల్లు ఖాళీ చేపిచ్చి సామానంత ఎక్కిచ్చిండు. ఒంటి ఆడోళ్లకు ఈడ ఏం పని, నా ఇంట్ల ఉండి ఇద్దరు బీడీలు చేసుకుందురు అన్నడు. చెడ్డోడు కాదు అజహర్. ఆయనకు గంతకన్న తోవ తెల్వది.

టీసీ చేతికొస్తే ఖుష్నుమా చదువు తొమ్మిదిలనే ఆగిపోతదని అందరికి ఎరుకే. అనిల సిస్టర్ టీసీ రాసింది. సంతకం పెట్టబోయేసరికి కాగితం మీద నీడ పడ్డది. నీడల పెన్ను గీస్తే గీత పడ్తలేదు. సిస్టర్ కుర్చీ జరుపుకున్నది. నీడ కూడా జరిగింది. కాగితం తీస్కపోయి వరండాల బల్ల మీద పెట్టుకున్నది. నీడ ఆడికీ వచ్చింది. గేటు బయట అజహర్ ఒకటే హారన్ కొడ్తున్నడు.

“సిస్టర్, జర జరుగుతరా?” అని అనిల సిస్టర్ మర్యాదగనే అడిగింది. జరగలే.

సాబేరా ఆ నీడను చూసుకుంట అన్నది, “మీ సిస్టర్‌ది నీడన్న మిగిలింది. మా ఆయనది అదీ రాలే.”

భూమక్క చాటల బియ్యం చెరుగుకుంట ఇదంత చూస్తున్నది. “గట్ల కాదు సిస్టరమ్మా. పెద్ద సిస్టరైతే తల్లి మాట మీద టీసీ ఇచ్చేది కాదు. పిల్లనడిగేది. మీరు పిల్లనడిగిండ్రా?”

అడగలే. తల్లి అడగలే, మామ అడగలే. అనిల సిస్టర్ ఖుష్నుమా దిక్కు తిరిగి, “పోతవా బిడ్డా?” అన్నది.

ఖుష్నుమా బల్ల కాడికొచ్చి రెండు చేతులు చాపింది. గోర్లు పొడుగ్గ పెరిగి, కొసలకు విరిగి ఉన్నయి.

“గోర్లు తీసుకొని రేపొస్త సిస్టర్,” అన్నది.

ఏ సిస్టర్‌తోని అన్నదో ఇప్పటికీ ఎవ్వలకు ఎరుక లేదు. నీడ మాత్రం కాగితం మీదికెల్లి లేచి గేటు కాడికి పోయింది. ఇప్పుడు గీత పడ్తదని తెలిసి కూడా అనిల సిస్టర్ పెన్నుకు మూత పెట్టింది.

సాబేరా బల్ల పక్కన కూలబడి, మరి మేము ఉండేదెక్కడ అని ఏడ్చింది.

“నా మోకాళ్లు పోయి ఏడాదైతుంది. అరవై మంది పిల్లలకు వండాలె,” అన్నది భూమక్క. “నా గదిల ఇంకో మంచం పడ్తది. గురక పెడ్తవా ఏంది?”

“పెట్టను.”

“నేను పెడ్త. ఓర్చుకో.”

అజహర్ గునుక్కుంట గునుక్కుంటనే సామాను దించిండు. తెల్లారి అనిల సిస్టర్ పోయి గేటు కాడ నిలబడ్డది. నీడ అడుగు మందం పక్కకు జరిగి జాగ ఇచ్చింది. అప్పటిసంది పిల్లలది ఒక చెయ్యి నీడ చూస్తది, ఒక చెయ్యి అనిల సిస్టర్ చూస్తది.

ఇగ అసలు సంగతి. మొన్న బడి పండుగకు అచ్చేసిన పుస్తకంల తెలుగు సారు కృష్ణమోహన్, “వాచ్‌మన్ గంగారాం పొరపాటున వెనక గేటు తెరవడం వల్ల సిస్టర్ నీడ ఇక్కడే నిలిచిపోయింది” అని రాసిండు. నేను కూడబలుక్కొని చదివిన. నమ్మక మా మనుమరాలు సంజనతోని చదివిచ్చిన. రెండుసార్లూ గదే ఉంది. ఊరికి పోయేటప్పుడు తాళంచెవులు ఆ సారు చేతిలనే పెట్టిన, భూమక్క సాక్ష్యం. గేటు తీసింది ఆయన. ఆ పుస్తకం వచ్చినకాంచి ఆయన నమస్తే పెడితే నేను మొఖం తిప్పుకుంటున్న.

అనిల సిస్టర్‌కు నా మనవి. పుస్తకం మళ్ల అచ్చేసేటప్పుడు నా పేరు తీసి ఆయన పేరు పెట్టుండ్రి. పొరపాటు అన్న మాట కూడా తీసెయ్యుండ్రి. గా గేటు గా పొద్దు తియ్యకపోతే ఖుష్నుమా ఇయ్యాల పదో తరగతిల ఉండకపోయేది. నేను చెయ్యని తప్పు నాకొద్దు, నేను చెయ్యని పుణ్యం కూడా నాకొద్దు. సక్కగ రాయుండ్రి.