చప్పుడు తగ్గిన బండి

ఇటుకకి బుద్ధి లేకపోయినా బరువైనా ఉందండీ, మీకా రెండూ లేవు అనేది మా ఆవిడ వీరదుర్గ ఉంటే, పోనీ, ఇవాళ ఆ ఇటుకే నా అసిస్టెంటు, పార్థసారథి మాస్టారి కారు యాక్సిలరేటర్ మీద కూర్చోబెట్టాను, కదలదు, మెదలదు, టీ అడగదు, జోకేస్తే నవ్వదు, అదొక్కటే లోటు, ఎందుకంటే కంప్రెషన్, అంటే సిలిండర్లలో గాలి ఒత్తిడి, చూడడం ఇద్దరి పని, ఒకరు సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ అడుగంటా తొక్కి తాళం తిప్పాలి, ఇంకొకరు బానెట్ దగ్గర నిలబడి గేజీలో ముల్లు చూడాలి, పెళ్లయిన ఈ పంతొమ్మిదేళ్లూ నా షెడ్డులో ఆ సీటు మా ఆవిడది, షెడ్డు వెనకే ఇల్లు, కూర పొయ్యి మీద పడేసి చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చునేది, తాళం తిప్పి ఒకటీ, రెండూ, మూడూ అని పైకి లెక్కపెట్టేది, ఆరు దాకా, నిడదవోలు స్టేషన్లో గూడ్సు బండి కూతేస్తున్నా ఆ లెక్క వినపడేది, ఇప్పుడు నేనే తిప్పి, నేనే లెక్కపెట్టి, నేనే పరిగెత్తుకెళ్లి చూసుకుంటున్నాను, ఏకపాత్రాభినయం, టిక్కెట్టు లేదు, చూసేవాడూ లేడు, రేకుల మీద కాకి ఉంది గానీ అది నా జోకులకి ఎప్పుడో అలవాటు పడిపోయింది.

మొదటి సిలిండరు నూట అరవై అయిదు, మూడోది నూట అరవై, మధ్యది అరవై, అరవయ్యే, ముగ్గురన్నదమ్ముల్లో నడిమివాడు పని మానేసి మిగతా ఇద్దరి భుజాల మీద ఊరేగుతున్నాడన్నమాట, మాస్టారు చెప్పిన రోగమూ అదే, చిట్టియ్యా, గట్టెక్కమంటే ఎక్కదయ్యా, నిలబడ్డ చోట వణుకుతోంది, మలేరియా వచ్చినట్టు, అన్నారు పొద్దున్న బండి వదిలేసి వెళ్తూ, కంప్రెషన్ తగ్గి డిప్రెషన్ వచ్చుంటుందండీ అన్నాను, ఆయన నవ్వారు, ఆయన కంటే ముందు నేను నవ్వాను, నా జోకుకి బోణీ ఎప్పుడూ నాదే, కానీ ఒకటయ్యా, చప్పుడు మాత్రం అస్సల్లేదు, దసరాకి నువ్వు బిగించావు చూడు, అప్పట్నుంచీ వెన్నే, నీ చేతి చలవ, అన్నారు, తర్వాత చుట్టూ చూసి, అమ్మాయి వీరదుర్గ కనపడట్లేదేంటయ్యా అన్నారు, తణుకు వెళ్లి నలభై రోజులైందండీ, వాళ్లక్క అచ్చాయమ్మకి మోకాలి ఆపరేషను, వాళ్లక్కకి మోకాలు, నాకు పోయేకాలం, అని మళ్లీ నేనే నవ్వాను, ఒక్క మోకాలికి నలభై రోజులేంటి అని ఆయన అడగలేదు, పెద్దమనిషి, అడగకపోతే బావుణ్ణనుకున్నాను, అడగలేదు, అప్పుడెందుకో అడిగితే బావుణ్ణనిపించింది.

సరే, ముందు రింగులా కాదా తేల్చాలి, ప్లగ్గు తీసిన బొక్కలోంచి ఒక స్పూను ఇంజనాయిలు పోసి మళ్లీ చూడాలి, పిస్టను రింగులు అరిగితే ఆ నూనె కాసేపు సందు మూస్తుంది, ముల్లు లేస్తుంది, స్పూను కోసం వంటింట్లోకి వెళ్లాను, ఉప్పు డబ్బాలోది తెచ్చాను, మళ్లీ ఇటుకమ్మ, మళ్లీ తాళం, ఒకటీ, రెండూ, నా గొంతు నాకే తిరిగొచ్చింది రేకుల్లోంచి, ఆరు, పరిగెత్తి చూస్తే అరవై అయిదు, కాబట్టి రింగులు కావు, రింగుల మాట అటుంచితే ఉప్పు డబ్బా స్పూను నూనెలో ముంచినందుకు నన్నెవరూ ఏమీ అనలేదు, ఇదివరకైతే ఆ స్పూను షెడ్డు గడప దాటేలోపు మొదలయ్యేది, ఏవండీ, అది తినేదండీ, మీ కారు తాగేది కాదు, ఆ నూనె చేతుల్తో తలుపు ముట్టుకోకండి, నా కుట్టుమిషను మీద ఈ నట్లేంటండీ, మనిషన్నాక ఒక చోటు ఉండదా, టకటకటకా, ఆగేది కాదు, మా షెడ్డుకి హారను వేరే అక్కర్లేదండీ, అంతర్వాణి అనర్గళవాణి అని కస్టమర్లకి చెప్పేవాణ్ణి, ఆవిడ లోపల్నుంచి వినపడుతోంది అని అరిచేది, వినపడాలనే కదా అని నేను ఇంకా గట్టిగా, అలాంటిది, తణుకు వెళ్లేముందు కొన్నాళ్లుగా స్పూను తీస్తే ఏమీ అనేది కాదు, సాయంత్రం దాన్ని కడిగి మళ్లీ ఉప్పు డబ్బాలో పెట్టేది, అంతే, రైలు గేటు దగ్గర టీ కొట్టులో అందరికీ చెప్పాను, మా ఇంటి ఇంజను ఇప్పుడు స్మూతండీ, వయసొచ్చింది, సర్దుకుంది, వాళ్లు నీ అదృష్టం చిట్టియ్యా అన్నారు.

రింగులు కాకపోతే గాస్కెట్టు, సిలిండర్లకీ వాటి మూత హెడ్డుకీ మధ్య పరిచే పొర, కానీ గాస్కెట్టు పోతే పక్కవాణ్ణి కూడా ముంచుతుంది, పక్కవాళ్లిద్దరూ శుభ్రంగా ఉన్నారు, రేడియేటర్లో బుడగ కూడా లేదు, ఇక మిగిలింది వాల్వు, అది తేలాలంటే గాలి పెట్టాలి, టైర్లకి పెట్టే గాలే, ఆ మధ్య సిలిండర్లో పిస్టను పైకి తెచ్చి, బండి గేర్లో వేసి, ప్లగ్గు బొక్కలోంచి గాలి వదిలి, అది ఎక్కణ్ణించి పారిపోతోందో వినాలి, వినాలి అనే చోటే నాకు చిక్కు, నాది వాగే జన్మ, ఈ పని కూడా ఆవిడదే, కారు చుట్టూ మెల్లిగా తిరుగుతూ, తల ఓ పక్కకి వాల్చి, ఏవండీ, ఒక్క నిమిషం ఆ నోరు కట్టెయ్యండి, నాకు వినపడట్లేదు అనేది, ఇవాళ కట్టెయ్యమనేవాళ్లు లేరు, అయినా నోరు దానంతటదే ఊరుకుంది, ఆయిల్ మూత దగ్గర చెవి పెట్టాను, ఏమీ లేదు, కార్బరేటర్ దగ్గర, ఏమీ లేదు, వెనక్కెళ్లి నేల మీద చతికిలబడి సైలెన్సర్ గొట్టానికి చెవి ఆనించాను, సుయ్‌మని సన్నగా, నిద్దట్లో ఎవరో నిట్టూర్చినట్టు, అదీ, పొగ బయటికి పోయే వాల్వు మూసుకోవట్లేదు, ఆ సుయ్ వింటుంటే నిన్నటి ఫోన్లో ఆవిడ ఊపిరి గుర్తొచ్చింది, అన్నం తిన్నారా, తిన్నాను, ఆదివారం వస్తానండి, కుట్టుమిషను పట్టుకెళ్తాను, బావ ఆటో మాట్లాడతానన్నాడు, ఇక్కడ జాకెట్లు కుట్టమని చాలామంది అడుగుతున్నారు, మీకు పనుంటే ఇంట్లో లేకపోయినా పర్లేదు, తాళం కిటికీలో పెట్టండి చాలు, మిషనొక్కటేనా, మనిషిని కూడా ఆటో ఎక్కించుకోకూడదూ అన్నాను, ఊఁ అంది, కోపం లేదు, విసురు లేదు, గొంతు కుండలో నీళ్లంత చల్లగా ఉంది, నేను ఫోను పెట్టేసి ఎగిరి గంతేశాను, కోపం దిగిపోయింది, వస్తోంది, ఆదివారానికి కొరమీను కావాలని చేపల పాపాయికి చెప్పి కూడా వచ్చాను.

ట్యాపెట్ కవర్ విప్పాను, ట్యాపెట్లంటే ఏం లేదు, వాల్వుల నెత్తి మీద మొట్టికాయలు వేసే చిన్న ఇనప వేళ్లు, ప్రతి వేలుకీ వాల్వుకీ మధ్య కాగితమంత సందు ఉండాలి, మొదటి సిలిండరువి వేలితో కదిపాను, టకటకలాడాయి, మూడోవి కదిపాను, టకటక, మధ్యదాని రెండోది, పొగ వాల్వుది, కదిపాను, కదల్లేదు, సందు కొలిచే అతి సన్నటి రేకు దూర్చబోయాను, దూరలేదు, సందు లేదు, సందే లేదు, ఆ వేలు వాల్వుని నొక్కిపెట్టే ఉంచింది, మూసుకోనివ్వలేదు, మూసుకోని వాల్వు అంచు ఆ నిప్పుల్లో రోజూ కొంచెం కొంచెం కాలుతూ ఉంది, ఎవరు బిగించారు, నేనే, దసరా నాడు, మాస్టారు చప్పుడెక్కువగా ఉందయ్యా అంటే, రేకు పెట్టి కొలవకుండా, చెవితో, చప్పుడు ఆగేదాకా బిగించాను, అందులోనూ మాస్టారిది గ్యాస్ మీద నడిచే బండి, వాల్వులు అరిగి కూర్చునేకొద్దీ సందు తినేస్తుంది, మామూలు కంటే వెంట్రుకంత ఎక్కువే వదలాలి, రాజమండ్రిలో నాకు పని నేర్పిన సామ్యేలు గారు మొదటి రోజే చెప్పారు, ఒరే చిట్టియ్యా, ట్యాపెట్ చప్పుడు చేస్తోందా, ఫర్లేదు, తిరగనీ, చప్పుడు దానంతటది తగ్గిపోయిందా, అప్పుడు భయపడు, ముప్ఫై ఏళ్ల నుంచి అందరికీ చెబుతున్నాను ఈ మాట, నేనే.

దసరా నాడు, ఆ రోజే, ఆయుధపూజ, బానెట్ల మీద బంతిపూలు, ఆకు దొన్నెల్లో ఆవిడ చేసిన పులిహోర, షెడ్డు నిండా కస్టమర్లు, ఈ కారులోనే, ఈ సీట్లోనే ఆవిడ, తాళం మీద చెయ్యి, ఎవరో కొత్తాయన పిల్లలెంతమందండీ అన్నాడు, నాకు కదా అవకాశం, సీటు వైపు వేలు చూపించి, మా బండికి సెల్ఫ్ బాగానే తిరుగుద్దండీ, ఎన్నిసార్లు కొట్టినా స్టార్టే అవదు అన్నాను, షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు, నేను అందరికంటే పెద్దగా, రాజమండ్రి డాక్టరమ్మ రాసిచ్చిన కాగితంలో లోపం ఎవరిదని ఉందో మా ఇద్దరికే తెలుసు, ఆవిడది కాదు, పన్నెండేళ్లుగా ఆవిడ ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు, తోడబుట్టిన అక్క దగ్గర కూడా, ఆ నవ్వుల మధ్యే ఆవిడ తాళం తిప్పింది, ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ, అయిదూ, ఆరూ, ఆపింది, దిగి, తాళం నా చేతిలో పెట్టి, పులిహోర ఇంకా కావాలా అండీ అని ఆ కొత్తాయన్ని అడిగి లోపలికెళ్లిపోయింది, ఆ రాత్రి తిడుతుందని ఎదురుచూశాను, తిట్టలేదు, మర్నాడూ తిట్టలేదు, హమ్మయ్య, పట్టించుకోలేదనుకున్నాను.

స్క్రూ కొంచెం వదులు చేశాను, సన్నరేకు దూరింది, ఇంకొంచెం, వెనక్కెళ్లి గొట్టానికి చెవి ఆనించాను, సుయ్ తగ్గింది, పూర్తిగా పోలేదు, ఎంత కాలిందో హెడ్డు దించితే గానీ తెలియదు, హెడ్డుకి హెడ్డేక్ అని ఏదో నోటిదాకా వచ్చింది, అక్కడే ఆగింది, స్టేషన్ మైకులో భీమవరం పాసింజరు చెబుతున్నారు, దాంట్లో ఎక్కితే గంటలోపు తణుకు, ఆదివారం దాకా ఎందుకు, వెళ్లి ఆ కాగితం మాట వాళ్లక్క ముందు నేనే చెప్పాలి, చెప్పి నోరు మూసుకుని నిలబడాలి, తిడుతుందా, తిడితే ఇంకా ఏదో మిగిలినట్టు, అన్నం తిన్నారా అని చల్లగా అడిగితేనే భయం, చేతులు కిరసనాయిలుతో కడుక్కుంటున్నాను, ఇటుక ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉంది, దాని ఎదురుగా సీటు ఖాళీగా ఉంది, ఆ సీటు నలభై రోజుల నుంచి ఖాళీ అని అందరికీ చెబుతున్నాను, లెక్క తప్పు, వీరదుర్గ తణుకు రైలెక్కింది నలభై రోజుల క్రితం, వెళ్లిపోయింది మాత్రం దసరా నాడే, ఆరు దాకా లెక్కపెట్టి తాళం నా చేతిలో పెట్టినప్పుడే.