అదనపు కంచం

తను వేసింది వెన్నా, పందికొవ్వా, పక్కింటి నజ్వా వాళ్ళ భోజనాల బల్ల ముందు కూర్చుంటూనే వాండాకి అనుమానం పట్టుకుంది, తను చేసి తెచ్చింది అమ్మ నేర్పిన యాపిల్ పై, పళ్ళు కూరి కాల్చే తీపి రొట్టె, దాని పిండి కలిపేటప్పుడు చెయ్యి తనంతట తానే పందికొవ్వున్న ఆ తెల్ల డబ్బా మీదికి పోతుంది, పోయింది కూడా, ముస్లింలు పంది ముట్టరని తెలియక కాదు, రంజాన్ విందుకి పిలిచారని లైబ్రరీ పుస్తకం రెండుసార్లు చదివింది, అన్నీ చదివింది గానీ చేతికి చెప్పడం మరిచింది, కిటికీలో ఈ అమెరికా ఊరు టొలీడో ఆకాశం ఎర్రబడుతోంది, ఇంకాసేపట్లో ఉపవాసం విడుస్తారు, ఏం పెద్దమ్మా, ఉపవాసం మాదా నీదా, మొహం అలా పీక్కుపోయిందేం అని నజ్వా నవ్వుతోంది, ఆమె మొగుడు హాదీ అప్పుడే యాపిల్ పై వాసన చూసి ఇది మొత్తం నాకే, మీరు సూప్ తాగండి అంటున్నాడు, చెబితే ఈ తలుపూ మూసుకుంటుందేమో, చెల్లెలు ఇర్మా ఇలాగే బల్ల దగ్గర ఏదో మాటకి లేచి వెళ్ళింది, మళ్ళీ రాలేదు, తన మొగుడు స్టాన్లీ ఆసుపత్రికి వెళ్ళాడు, రాలేదు, చెప్పకపోతే ఎవరికీ తెలియదు, కానీ పొద్దుటినుంచి మంచినీళ్ళు కూడా ముట్టని ఈ పిల్లల నోట్లోకి, వద్దు, నజ్వా, తల్లీ, ఆ యాపిల్ పై ముట్టుకోకండి, నా చేతులు పడిపోను, అలవాటున పందికొవ్వు వేసేశాను.

హాదీ యాపిల్ పై మీదినుంచి ముక్కు వెనక్కి తీసుకున్నాడు, నజ్వా ఒక్క క్షణం చూసి పకపకా నవ్వింది, ఓసి పెద్దమ్మా, కిందటేడు ఈస్టర్ ముందు మీ చర్చిలో శుక్రవారం చేపల విందుకి నేనేం తెచ్చాను, కీమా కూరిన ద్రాక్షాకుల చుట్టలు, ఆ రోజు మీరు మాంసం తినరని నాకేం తెలుసు, నువ్వేమో గిన్నె సంచిలో దాచేసి శనివారం నాడు ఒక్కదానివే లాగించావ్, ఇక మనిద్దరం సమానం, ఇది ఇంటికి తీసుకుపోయి తిను, రేపు వెన్నతో మళ్ళీ చేద్దువుగాని, నేను పక్కనే నిలబడి ఆ చేతికి కాపలా కాస్తా, రేపా అంది వాండా, రేపే, ఎల్లుండి దాకా ఈయన ఆగడు.

ఫోన్లో అజాన్, నమాజు పిలుపు, మోగింది, ఖర్జూరం నాలుక మీద మెత్తగా కరుగుతోంది, క్రిస్మస్ ముందురాత్రి బల్ల మీద వాండా ఒక కంచం అదనంగా పెడుతుంది, అమ్మ పెట్టినట్టే, ఏటేటా దాని ముందు కూర్చుని, తనని వదిలి వెళ్ళిపోయినవాళ్ళనే తలుచుకుంది, ఇప్పుడు నజ్వా వేడి సూప్ పోస్తున్న ఈ కంచం కూడా ఈ ఇంట్లో అదనంగా వేసిందే, అమ్మ మాత్రం అది తలుపు తట్టి వచ్చేవాళ్ళ కోసం పెట్టేది, ఇవాళ ఆ వచ్చిన మనిషి తను.